పెదవి మీద పొక్కు లేచింది, తేదీ మార్చమంటే డిపాజిట్ పోయినట్టే అంటున్నారు

వెన్నెల_ఎం
సోమవారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. కాస్త తొందరగా ఎవరైనా సలహా చెప్తారని రాస్తున్నాను.

మూడు వారాల కింద ఒక సెలూన్‌లో లిప్ బ్లష్ బుక్ చేసుకున్నాను. సూదితో పెదవులకి రంగు ఎక్కిస్తారు కదా, అది. మొత్తంలో సగం డిపాజిట్‌గా ముందే కట్టించుకున్నారు. అపాయింట్‌మెంట్ రేపు మధ్యాహ్నం. నిన్న పొద్దున లేచేసరికి కింది పెదవి మూల చిమచిమలాడుతోంది. సాయంత్రానికి నాలుగైదు నీటి పొక్కులు గుత్తిగా లేచాయి. నాకు ఏడాదికోసారి ఇలా వస్తూనే ఉంటుంది, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది.

వెంటనే సెలూన్‌కి మెసేజ్ పెట్టాను. "48 గంటల ముందు చెప్తేనే తేదీ మారుస్తాం, ఇప్పుడైతే డిపాజిట్ తిరిగి రాదు, మళ్లీ కట్టాలి" అన్నారు. ఫోన్ చేసి పొక్కుల సంగతి చెప్పాను. రిసెప్షన్‌లో అమ్మాయి "చిన్న పొక్కే కదండీ, దాన్ని వదిలేసి చుట్టూ చేసేస్తారు, వచ్చేయండి" అంది. బుకింగ్ అప్పుడు ఈ 48 గంటల షరతు చదివి 'సరే' నొక్కింది నేనే, కాదనను. కానీ పొక్కు 48 గంటల ముందు చెప్పి రాదు కదా. వెళ్లనా, మానేయనా?

స్టాఫ్‌నర్సు_కె
సోమవారం, ఉదయం 9:15

వెళ్లకండి అమ్మా. డిపాజిట్ మాట తర్వాత చూద్దాం, ముందు ఇది వినండి.

మీరు చెప్పిన తీరు చూస్తే అది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ పొక్కులా ఉంది. ముందు చిమచిమ, తర్వాత గుత్తిగా నీటి పొక్కులు, ఏటా అదే చోట. ఆ నీటిలో నిండా వైరస్సే. ఒక మూల వదిలేసి చుట్టూ చేస్తారన్నారే, ఆ సూది పెదవి మీద వందలసార్లు గుచ్చుతుంది. తుడిచే దూది కూడా ఈ మూల నుంచి ఆ మూలకి పోతుంది. ఇప్పుడు నాలుగు పొక్కులున్నవి రేపటికి పెదవంతా కావచ్చు. పుండు పడిన చోట రంగు నిలవదు, మచ్చ పడినా పడొచ్చు. చేసే అమ్మాయికీ ప్రమాదమే. గ్లోవ్ చిరిగి వేలికి అంటుకుంటే గోటి చుట్టూ విపరీతంగా నొప్పెట్టే పుండు వస్తుంది. మా వార్డులో ఒక సహోద్యోగికి వచ్చింది, పెన్ను కూడా పట్టుకోలేకపోయింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ వైరస్ శరీరంలోంచి పోదు, నరం మొదట్లో నిద్రపోతుంటుంది. పొక్కు పూర్తిగా మానాక వెళ్లినా, పెదవి మీద సూది దెబ్బలకి మళ్లీ లేవచ్చు. అందుకే ఏటా పొక్కులొచ్చే వాళ్లకి లిప్ బ్లష్‌కి ముందు నుంచే ఎసిక్లోవిర్, వాలాసిక్లోవిర్ లాంటి మాత్రలు డాక్టర్లు రాస్తారు. డోసు మీ డాక్టరే చెప్పాలి, మందుల షాపులో అడిగి కొనుక్కోకండి. బుకింగ్ అప్పుడు "మీకు పెదవి మీద పొక్కులు వస్తుంటాయా" అని వాళ్లు అడిగారా?

వెన్నెల_ఎం
సోమవారం, ఉదయం 9:22

లేదండీ. పేరు, ఫోన్ నంబరు, తేదీ, డబ్బు. అంతే అడిగారు.

రఘు_వి
సోమవారం, ఉదయం 10:05

నర్సు గారు చెప్పినట్టు వెళ్లకపోవడమే మంచిది, అందులో రెండో మాట లేదు. కానీ డిపాజిట్ విషయంలో సెలూన్ వాళ్లనే తప్పు పట్టలేం. మా అన్నయ్యది చిన్న హెయిర్ సెలూన్. శనివారం నాలుగు బుకింగ్‌లుంటే ఇద్దరు రారు, ఫోన్ ఎత్తరు. ఆ రెండు గంటలూ కుర్చీ ఖాళీ, పనివాళ్ల జీతం మాత్రం ఆగదు. ఒంట్లో బాగాలేదని ఎవరైనా చెప్పొచ్చు, నిజమో కాదో ఎలా తెలుస్తుంది? షరతు చదివి ఒప్పుకున్నాక ఒప్పుకున్నట్టే అనుకోవాలి.

అద్దం_వెనక
సోమవారం, మధ్యాహ్నం 12:30

నేను పద్నాలుగేళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. రఘు గారూ, మీ అన్నయ్య బాధ నాకు బాగా తెలుసు. నేనూ డిపాజిట్ తీసుకుంటాను, చెప్పకుండా రాని వాళ్లకి తిరిగి ఇవ్వను. కానీ జుట్టు కత్తిరించడం వేరు, చర్మంలోకి సూది దింపడం వేరు. రెండింటికీ ఒకే షరతు పెట్టడం ఎంత పొరపాటో నాకు ఒక మధ్యాహ్నం తెలిసొచ్చింది.

అప్పట్లో నాదీ ఇదే 48 గంటల షరతు. ఏ కారణమైనా సరే, మినహాయింపు లేదు. ఒకావిడ పైపెదవికి వ్యాక్సింగ్ చేయించుకోవడానికి వచ్చారు. "ముఖానికి ఏమైనా క్రీములు వాడుతున్నారా" అని కుర్చీలో కూర్చోబెట్టాక అడిగాను. లేదన్నారు. వ్యాక్స్ రాసి, స్ట్రిప్ అద్ది, చర్మం బిగబట్టి లాగాను. స్ట్రిప్‌తో పాటు చర్మం పైపొర కూడా వచ్చేసింది. ముక్కు కింద చిటికెన వేలి గోరంత మేర ఎర్రగా, తడిగా, ఒలిచినట్టయింది. ఆవిడ అరవలేదు, కళ్లలో నీళ్లు మాత్రం గిర్రున తిరిగాయి. చల్లటి తడిగుడ్డ పెట్టి పక్కన కూర్చున్నాక అప్పుడు చెప్పారు, మొటిమలకి ట్రెటినోయిన్ క్రీము రెండు నెలలుగా రాస్తున్నానని. ఆ క్రీము వాడే చోట పైపొర పల్చబడుతుంది, అక్కడ వ్యాక్స్ చేయకూడదు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. ఇంటర్నెట్‌లో చదివారట. "ముందు రోజు రాత్రే చదివాను, అప్పటికే 48 గంటలు దాటిపోయాయి, డబ్బులు పోతాయని చెప్పలేదు" అన్నారు.

నా షరతే ఆవిడతో అబద్ధం చెప్పించింది. నాకు అలాగే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. ఆ మచ్చ నల్లబడి, పోవడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ వారంలోనే పద్ధతి మార్చాను. ఆరోగ్యం ప్రశ్నలు బుకింగ్ అప్పుడే, డబ్బు తీసుకోకముందే అడుగుతాను. అపాయింట్‌మెంట్‌కి మూడు రోజుల ముందు అవే ప్రశ్నలు మళ్లీ మెసేజ్‌లో పంపుతాను. పొక్కు, జ్వరం, ఎండకి కమిలిన చర్మం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇలాంటివి ఏవైనా సరే ఆ ఉదయం చెప్పినా తేదీ మారుస్తాను, డిపాజిట్ కొత్త తేదీకి వెళ్లిపోతుంది. నిజమో కాదో ఎలా తెలుస్తుందన్నారు కదా రఘు గారూ. కొందరు అబద్ధం చెప్తారు, చెప్పనివ్వండి. దాని వల్ల నాకు పోయేది ఒక గంట. దాచి వచ్చి కూర్చుంటే పోయేది ఎదుటి మనిషి ముఖం.

రఘు_వి
సోమవారం, మధ్యాహ్నం 1:10

ఆ చివరి మాట ఒప్పుకుంటున్నానండీ. ఈ కోణంలో నేను ఆలోచించలేదు.

ఇది చదివాక నా సంగతి ఒకటి అడగాలనిపిస్తోంది. మొటిమల గుంటలకి మైక్రోనీడిలింగ్ చేయించుకున్నాను, సన్నటి సూదులతో ముఖమంతా గుచ్చుతారు కదా, అది. "మా దగ్గర మత్తు క్రీము రాస్తే ముప్పావుగంట ఆగాలి, స్లాట్ సరిపోదు, ఇంట్లోనే రాసుకుని పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని రండి" అన్నారు. క్రీము కూడా వాళ్లే ఇచ్చారు, డబ్బా మీద లేబుల్ సగం చిరిగి ఉంది. ముఖం, మెడ అంతా దట్టంగా పట్టించి గంటకు పైగా ఉంచాను. దారిలో చెవుల్లో హోరు, నాలుక మొద్దుబారినట్టు, తల తిరుగుడు. భయం వల్ల అనుకున్నాను. నిజంగా భయమేనా?

స్టాఫ్‌నర్సు_కె
సోమవారం, మధ్యాహ్నం 1:45

భయం కాదు బాబూ. చెవుల్లో హోరు, నోటి చుట్టూ తిమ్మిరి, తల తిరగడం, ఇవి మత్తు క్రీముల్లో ఉండే లిడోకెయిన్ మందు రక్తంలోకి ఎక్కువగా చేరినప్పుడు మొదట కనిపించే లక్షణాలే. ఇంకా పెరిగితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. క్రీము ఎంత గాఢమైనది, ఎంత మేర రాశారు, ఎంతసేపు ఉంచారు, పైన కప్పారా లేదా అనేదాన్ని బట్టి ఒంట్లోకి ఎక్కే మందు పెరుగుతుంది. కప్పితే ఇంకా ఎక్కువ. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2024 మార్చిలో సరిగ్గా ఇలాంటి వాటి మీదే హెచ్చరిక ఇచ్చింది. టాటూ, మైక్రోనీడిలింగ్ లాంటి పనులకి ముందు రాసుకోమని అమ్మే కొన్ని క్రీముల్లో, డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి ఉన్న 4 శాతం కంటే ఎక్కువ లిడోకెయిన్ ఉందని. ఎక్కువ మేర రాయొద్దు, కప్పొద్దు అని కూడా అందులో చెప్పారు.

స్లాట్ సరిపోదని ఆ పని ఇంటికి పంపించడం నాకు చాలా కోపం తెప్పించింది. మీకు దారిలో ఏమైనా అయ్యుంటే పక్కన ఎవరున్నారు? ఈసారి ఏ లేబుల్ లేని క్రీమూ తీసుకోకండి.

హరిత_అలలు
సోమవారం, మధ్యాహ్నం 3:20

ఒక సందేహం. నేను చేయించుకునేది ఐబ్రో త్రెడింగ్, కాళ్లకి వ్యాక్సింగ్, అంతే. సూదులతో పని లేదు. నాకూ ఇవన్నీ వర్తిస్తాయా?

సూక్ష్మదర్శిని
సోమవారం, సాయంత్రం 6:50

హరిత గారూ, వర్తిస్తాయి. నేను సూక్ష్మజీవుల ల్యాబ్‌లో పని చేస్తాను, కొంచెం వివరంగా రాస్తాను.

చర్మం తెగిందా లేదా అన్నదే లెక్క, సూది ఉందా లేదా అన్నది కాదు. ముఖం మీద చర్మం పైపొర మందం దాదాపు 0.1 మిల్లీమీటరు, కాగితమంత. వ్యాక్స్ లాగాక వెంట్రుకలు ఊడిన చోట సూదిమొనంత రక్తపు చుక్కలు కనిపిస్తాయి చూడండి, అక్కడ దారి తెరుచుకున్నట్టే. గోరు పక్క చర్మం కత్తిరించినప్పుడు, బ్లాక్‌హెడ్ నొక్కి తీసినప్పుడు, బ్లేడుతో ముఖం మీద నూగు గీకినప్పుడు కూడా అంతే. వ్యాక్స్ గిన్నెలో ముంచిన పుల్లని ఒంటికి రాసి మళ్లీ అదే గిన్నెలో ముంచుతుంటే, ఆ గిన్నె మీకు ముందు వచ్చిన అందరిదీ. వ్యాక్స్ వేడిగానే ఉంది కదా అంటారు. ఆ వేడి చర్మం ఓర్చుకునేంత వేడి, క్రిములు చచ్చేంత వేడి కాదు. త్రెడింగ్ దారం కొసని పళ్లతో పట్టుకుని చేస్తే, కొసని మెడకి కట్టుకోమని అడగొచ్చు. అలా చేసేవాళ్లు ఉన్నారు.

ఇక సూదుల సంగతి. అందరూ హెచ్‌ఐవీ గురించి భయపడతారు గానీ, నాకు ముందు గుర్తొచ్చేది కాలేయానికి సోకే హెపటైటిస్ బి. కంటికి కనపడనంత ఎండిన రక్తంలో కూడా ఆ వైరస్ కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. టేబుల్ మీద, ట్రే అంచున, మెషిన్ పిడి మీద. దీనికి టీకా ఉంది. చిన్నప్పుడు వేయించుకోని వాళ్లు ఇలాంటివి మొదలుపెట్టే ముందే డోసులన్నీ పూర్తి చేసుకుంటే మంచిది. హెపటైటిస్ సి కి మాత్రం టీకా లేదు.

"మేం అన్నీ స్టెరిలైజ్ చేస్తాం" అని అందరూ అంటారు. ఎలా అని అడగాలి. నీలం లైటు వెలిగే యూవీ పెట్టె స్టెరిలైజర్ కాదు. లైటు పడిన వైపే కాస్త పని చేస్తుంది, కత్తెర మడత లోపలికి పోదు. స్పిరిట్‌లో ముంచితే బీజాంశాలు, అంటే కొన్ని క్రిములు గట్టి పెంకు కట్టుకుని ఉండే రూపాలు, చావవు. నీళ్లలో మరిగించినా చావవు. నమ్మదగ్గది ఆటోక్లేవ్, అంటే ఒత్తిడితో ఆవిరి. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు, లేదా 134 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు. అంతకుముందు రుద్ది కడగాలి, మురికి ఉన్న చోటికి ఆవిరి అందదు. పరికరాలు పెట్టే పౌచ్ మీద రంగు మారే గుర్తు ఉంటుంది, అది మారితే వేడి తగిలిందని మాత్రమే అర్థం. క్రిములు నిజంగా చచ్చాయా అన్నది తేలాలంటే బీజాంశాల పరీక్ష చేయాలి. మంచి చోట ఆ రిజిస్టరు ఉంటుంది.

ఇప్పుడు అపాయింట్‌మెంట్ల లెక్కకి వస్తాను. కడగడం, పౌచ్‌లో పెట్టడం, వేడెక్కడం, ఆరడం అన్నీ కలిపితే ఒక్క విడతకి గంటకి తక్కువ పట్టదు. రోజుకి ఎనిమిది మందిని అరగంటకొకరు చొప్పున బుక్ చేసే చోట పరికరాలు రెండే సెట్లుంటే, ఆ రెండు సెట్లు ఎనిమిది మందికి ఎలా సరిపోతున్నాయి? ఈ లెక్క వేయడానికి ల్యాబ్ అక్కర్లేదు. బుకింగ్ పేజీలో ఖాళీ స్లాట్లు చూస్తే చాలు, ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఎడం ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇదంతా అతి జాగ్రత్త అనుకునేవాళ్ల కోసం ఒక్కటి చెప్తాను. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో వాంపైర్ ఫేషియల్ చేయించుకున్న ఒకావిడకి 2018లో హెచ్‌ఐవీ బయటపడింది. వాంపైర్ ఫేషియల్ అంటే మన రక్తమే తీసి, దానిలోంచి ప్లాస్మా వేరుచేసి, మైక్రోనీడిలింగ్‌తో ముఖంలోకి పంపడం. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024 ఏప్రిల్‌లో ఆ దర్యాప్తు వివరాలు ప్రచురించింది. వంటగది ఫ్రిజ్‌లో తిండి పక్కన మందులు, పేర్లు రాయని రక్తపు ట్యూబులు, సొరుగుల్లో కవరు లేని సిరంజిలు. ఆటోక్లేవ్ లేనే లేదు. ఒకసారి వాడి పారేయాల్సిన మొనల్ని కూడా స్పిరిట్‌లో ముంచి మళ్లీ వాడారు. అక్కడికి వెళ్లినవాళ్లకి సంబంధించి మొత్తం ఐదు హెచ్‌ఐవీ కేసులు తేలాయి. పేరు లేని ట్యూబు రక్తం ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?

కల్యాణి_బి
సోమవారం, రాత్రి 9:05

ఇది చదువుతుంటే నా ఒళ్లు జలదరించింది. నాది రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మైక్రోనీడిలింగ్ ఆరు సిట్టింగుల ప్యాకేజీ, మొత్తం డబ్బు ముందే కట్టేశాను. తగ్గింపు అన్నారు, ఆశపడ్డాను. మొదటి రెండు సిట్టింగులు బాగానే జరిగాయి. మూడోసారి పడుకోబెట్టి ముఖం తుడిచాక, ఆవిడ సొరుగు లాగిన చప్పుడైంది. తల తిప్పి చూశాను. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోంచి డెర్మారోలర్, అంటే సూదులున్న చిన్న చక్రం, తీస్తోంది. దాని మీద సీలు లేదు. లైటు కిందికి తెచ్చాక చూస్తే ఒక వరస సూదులు పక్కకి వంగి ఉన్నాయి, పిడికీ చక్రానికీ మధ్య గోధుమరంగు గీత. "ఇది కొత్తదేనా" అన్నాను. "మీదే మేడమ్, పోయినసారి మీకు వాడిందే, మీ పేరు మీద పెట్టాం" అంది. డబ్బా మీద ఏ పేరూ లేదు.

నేను లేవడానికి పది నిమిషాలు పట్టిందండీ. బలం లేక కాదు, మొహమాటం. ఆవిడ ఏమనుకుంటుందో, కట్టిన డబ్బు ఏమవుతుందో. చివరికి నీరసంగా ఉందని సాకు చెప్పి వచ్చేశాను. మిగతా నాలుగు సిట్టింగుల డబ్బు పోయింది. ఆ రోజు నిజం మొహం మీదే చెప్పి రానందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, నా తర్వాత ఆ మంచం మీద ఎవరు పడుకున్నారో.

సూక్ష్మదర్శిని
సోమవారం, రాత్రి 9:40

కల్యాణి గారూ, మీరు లేచి రావడమే పెద్ద పని. "మీకే వాడాం" అన్నది నిజమే అయినా ఆ రోలర్ రెండోసారి వాడకూడదు. సూదుల మధ్య ఇరుక్కున్న చర్మం, రక్తం కడిగితే పోవు, వారాల తరబడి డబ్బాలో క్రిములు పెరుగుతాయి. వంగిన సూది గుచ్చదు, చీల్చుతుంది.

రోలర్ బదులు పెన్ను, అంటే పెన్నులా పట్టుకునే సూది మెషిన్, వాడే చోట ఇంకోటి చూడాలి. మొనకి తగిలించే సూదుల కార్ట్రిడ్జ్ కొత్తదే వేసినా, దాని లోపల వెనక్కి రానివ్వని పొర లేకపోతే రక్తం పెన్ను లోపలికి పీలుస్తుంది. కార్ట్రిడ్జ్ మారుతుంది గానీ పెన్ను అదే కదా. పొర ఉన్న కార్ట్రిడ్జ్ వాడాలి, పెన్ను మీద ప్రతి మనిషికీ కొత్త తొడుగు వేయాలి.

హరిత_అలలు
సోమవారం, రాత్రి 10:00

కాళ్లకి పెడిక్యూర్ ముందు ఇంట్లో షేవ్ చేసుకుని వెళ్లొచ్చా? శుభ్రంగా కనిపించాలని నేను ఎప్పుడూ అలాగే వెళ్తాను.

సూక్ష్మదర్శిని
సోమవారం, రాత్రి 10:20

వద్దండీ. 2000లో కాలిఫోర్నియాలో ఒకే నెయిల్ సెలూన్‌కి వెళ్లిన వందమందికి పైగా మోకాలి కింద మానని గడ్డలు లేచాయి. మైకోబాక్టీరియమ్ ఫార్చుయిటమ్ అనే క్రిమి, కాళ్లు పెట్టే నీళ్ల తొట్టెల్లోంచి వచ్చింది. నీళ్లు లోపలికి పీల్చే జాలీ వెనక వెంట్రుకలు, చర్మపు తుక్కు పేరుకుని అక్కడే పెరిగింది. ఆ జాలీని ఎవరూ విప్పి కడగలేదు. వెళ్లేముందు కాళ్లు షేవ్ చేసుకున్న వాళ్లకే ఎక్కువగా సోకిందని తేలింది. బ్లేడు చేసే గీతలు మనకి కనపడవు, క్రిమికి అవే చాలు.

వెన్నెల_ఎం
మంగళవారం, ఉదయం 7:30

నేను వెళ్లడం లేదు. నిర్ణయించుకున్నాను. కానీ వాళ్లకి ఎలా రాయాలో తెలియడం లేదు. గొడవలా ఉండకూడదు, అలాగని బతిమాలినట్టూ ఉండకూడదు. అద్దం_వెనక అక్కా, మీరు సెలూన్ వైపు వాళ్లు కదా, ఎలాంటి మెసేజ్ వస్తే మీరు కాదనలేరు?

అద్దం_వెనక
మంగళవారం, ఉదయం 8:15

వెన్నెలా, ఇలా రాయి:

"నాకు పెదవి మీద హెర్పిస్ పొక్కులు లేచాయి. ఈ స్థితిలో సూది చికిత్స నాకూ, చేసే వారికీ సురక్షితం కాదు కాబట్టి ఈ రోజు రాలేను. బుకింగ్ సమయంలో దీని గురించి నన్ను అడగలేదు. అపాయింట్‌మెంట్ రద్దు చేయమని కోరడం లేదు, పొక్కు మానాక డాక్టరు సలహా తీసుకుని కొత్త తేదీ చెప్తాను, డిపాజిట్ ఆ తేదీకి మార్చండి. పొక్కులున్నా వచ్చేయమని ఫోన్‌లో చెప్పారు. అది మీ సంస్థ నిర్ణయమేనా అని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఆ చివరి వాక్యం ముఖ్యం. ఫోన్‌లో ఎవరైనా ఏదైనా అంటారు, రాతలో "పొక్కుతోనే రండి" అని ఏ యజమానీ పెట్టరు. చాలాసార్లు ఆ మాట యజమానిది కాదు, పాపం ఆ రిసెప్షన్ పిల్లకి 48 గంటలు అని తప్ప ఇంకేం నేర్పి ఉండరు. పొక్కు ఫోటో తేదీ కనపడేలా తీసి జత చెయ్యి.

తేదీ మార్చడానికి ఒప్పుకున్నారనుకో, అంతటితో ఆగిపోకు. కల్యాణి గారి అనుభవం చూశావు కదా. సూదుల కార్ట్రిడ్జ్ సీలు నా కళ్ల ముందే విప్పుతారా, దాని మీద గడువు తేదీ చూపిస్తారా, రంగు సీసాలోంచి నేరుగా ముంచుతారా లేక చిన్న కప్పులో నాకు వేరుగా పోస్తారా, వాడిన సూదులు ఎక్కడ వేస్తారు అని అడుగు. వాడిన సూదులకి గట్టి ప్లాస్టిక్ డబ్బా ఉండాలి, మామూలు చెత్తబుట్ట కాదు. నన్ను ఎవరైనా ఇవి అడిగితే నాకు కోపం రాదు, సంతోషంగా చూపిస్తాను. అడిగితే మొహం ముడుచుకునే చోట పడుకోకు. అడగందే అమ్మయినా పెట్టదు అంటారు, ఇక్కడ అడగకపోతే జరిగేది ఇంకా ఘోరం.

సూక్ష్మదర్శిని
మంగళవారం, ఉదయం 8:50

రంగు గురించి అక్క చెప్పింది చాలా అవసరమైన మాట. రంగు పల్చన చేయడానికి కుళాయి నీళ్లు కలిపే వాళ్లున్నారు, అది అస్సలు కూడదు. నీళ్లలో ఉండే మైకోబాక్టీరియాలు నేరుగా చర్మంలోకి వెళ్తాయి. 2011 చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఒకే టాటూ కళాకారుడి దగ్గర 19 మందికి అలాంటి చర్మవ్యాధే వచ్చింది. అక్కడ తప్పు ఆయనది కాదు, తయారైన బూడిదరంగు సిరాలోనే క్రిమి ఉంది. అందుకే ఏ సీసా, ఏ బ్యాచ్ నంబరు అన్నది మీ పేరుతో రాసి పెట్టుకునే చోటు మంచిది. తర్వాత ఏమైనా అయితే వెనక్కి వెతకొచ్చు.

పేరు_వద్దు
మంగళవారం, మధ్యాహ్నం 2:10

నిన్నటి నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆదివారం సాయంత్రం నేను మైక్రోబ్లేడింగ్ చేయించుకున్నాను, కనుబొమల్లో బ్లేడుతో సన్నగా గీసి రంగు నింపుతారు కదా, అది. బ్లేడు కవరు విప్పడం నేను చూడలేదు. నాకు ముందు ఒకామె లేచి వెళ్లిన ఐదు నిమిషాలకే నన్ను కూర్చోబెట్టారు. ట్రే అదే. ఇంటికొచ్చాక అనుమానం మొదలైంది, రెండు రాత్రులు నిద్ర లేదు. ఇప్పుడు ఏం చేయగలను?

స్టాఫ్‌నర్సు_కె
మంగళవారం, మధ్యాహ్నం 2:25

అమ్మా, ఈ రోజే, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. రేపటిదాకా ఆగొద్దు.

ఆదివారం సాయంత్రం అంటే ఇంకా 48 గంటలు దాటలేదు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే నివారణ మందులు 72 గంటల లోపల మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. మీకు అవి అవసరమా కాదా అన్నది డాక్టరు అంతా అడిగి తేలుస్తారు, అవసరం లేదనే చెప్పొచ్చు కూడా. హెపటైటిస్ బి టీకా మీరు వేయించుకున్నారో లేదో గుర్తుచేసుకుని చెప్పండి. లేకపోతే వెంటనే మొదలుపెడతారు. ఈ రోజు రక్తపరీక్ష చేస్తారు, అది ఇప్పటి స్థితి తెలియడానికి. కొత్తగా సోకినవి వెంటనే కనపడవు కాబట్టి కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు. తప్పకుండా వెళ్లండి.

డాక్టరుకి సిగ్గుపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఏ చికిత్స, ఏ సమయానికి, ఏం చూశారు, ఏం చూడలేదు. మీరు తప్పేం చేయలేదు. ఒక్క బ్లేడు అనుమానంతో సోకే అవకాశం తక్కువే, కానీ మందుకి గడువుంది కాబట్టి తొందరపెడుతున్నాను. వెళ్లొచ్చాక ఒక్క మాట ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.

పేరు_వద్దు
మంగళవారం, రాత్రి 8:55

వెళ్లొచ్చానండీ. డాక్టరు గారు బాగా మాట్లాడారు, తిట్టలేదు. రక్తం తీసుకున్నారు. నాకు చిన్నప్పుడు టీకా వేయించలేదని అమ్మ చెప్పింది, మొదటి డోసు ఈ రోజే వేశారు. మాత్రలు కూడా మొదలుపెట్టాను. ఆ సెలూన్ మీద ఆరోగ్యశాఖకి ఫిర్యాదు ఎలా చేయాలో కూడా చెప్పారు. మీరు "ఇప్పుడే" అనకపోతే నేను ఇంకో రెండు రోజులు ఇలాగే కూర్చునేదాన్ని.

రఘు_వి
మంగళవారం, రాత్రి 9:30

మా అన్నయ్యకి ఈ చర్చంతా చదివి వినిపించాను. వాళ్ల దగ్గర గడ్డం గీసేటప్పుడు కొత్త బ్లేడే వేస్తారు గానీ, మెడ మీద వాడే ట్రిమ్మర్ మొన ఎవరికి వారికి మార్చడం లేదట. రేపటి నుంచి మొనలు రెండు డజన్లు పెట్టుకుంటానన్నాడు. బుకింగ్ మెసేజ్‌లో "ఒంట్లో బాగాలేకపోతే ఆ రోజు చెప్పినా పరవాలేదు, తేదీ మారుస్తాం" అనే లైను నా చేతే రాయించుకున్నాడు.

వెన్నెల_ఎం
గురువారం, సాయంత్రం 5:15

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అక్క రాసిచ్చిన మెసేజ్ యథాతథంగా పంపాను. రెండు గంటల్లో యజమాని స్వయంగా ఫోన్ చేశారు. పొక్కులున్నా రమ్మన్నది తమ అమ్మాయి తెలియక అన్నదని, డిపాజిట్ కొత్త తేదీకి మారుస్తామని చెప్పారు. నాకు హమ్మయ్య అనిపించింది.

ఆ ఊపులోనే మిగతావి అడిగాను. సూదులు కొత్తవే, నా ముందే విప్పుతామన్నారు. రంగు ఎలా తీస్తారంటే సీసాలోంచే ముంచుతామన్నారు. నాకు వేరుగా కప్పులో పోయమంటే "రంగు వృథా అవుతుంది మేడమ్, ఇన్నేళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నారు. ఒక సూది ముంచిన సీసాలోనే రేపు ఇంకొకరి సూది ముంచుతారన్నమాట. ఫోన్‌లో ఒక నిమిషం ఏమీ మాట్లాడలేకపోయాను. తర్వాత చెప్పాను, అలాగైతే నేను రాలేనండీ అని. కల్యాణి గారూ, సాకు చెప్పలేదు, కారణం చెప్పే పెట్టేశాను.

డిపాజిట్ వెనక్కి అడుగుతూ రాతలో పంపాను. ఇంకా జవాబు రాలేదు. వస్తే వస్తుంది. పెదవి మీద పెచ్చు ఈ పొద్దున రాలింది, కింద లేత గులాబీరంగు చర్మం వచ్చింది. శనివారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, మాత్రల సంగతి, హెపటైటిస్ బి టీకా సంగతి రెండూ అడగడానికి.

స్టాఫ్‌నర్సు_కె
గురువారం, సాయంత్రం 5:40

పెచ్చు రాలిన చోట గిల్లకండి, ఎండలోకి వెళ్తే టోపీ పెట్టుకోండి. శనివారం డాక్టరు ఏం చెప్పారో రాయండి.